పిక్ నంబర్ 144: షెడూర్ శాండర్స్ విలువ పడిపోయిందా, కుర్చీలు నిండిపోయాయా?

క్లుప్తంగా: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం డ్రాఫ్ట్. 2025 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే పోతాడనుకున్న కొలరాడో యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) షెడూర్ శాండర్స్ ఐదో రౌండ్ దాకా మిగిలిపోయాడు. అతని ఆట మీద, నడవడిక మీద, తండ్రి పేరు మీద అప్పుడు మొదలైన వాదన ఇంకా ఆగలేదు. ఆ వాదనలో రెండు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయి. కుర్రాడు ఎంత బాగా ఆడతాడన్నది ఒకటి. ఏ పిక్ దగ్గర, అంటే ఎన్నో వంతులో తీసుకుంటే గిట్టుబాటు అన్నది రెండోది. క్వార్టర్‌బ్యాక్‌ల విషయంలో ఈ రెండో లెక్క మెట్లు దిగినట్టు తగ్గదు, మేడ మీది నుంచి జారినట్టు పడుతుంది.

ఏప్రిల్ 25, శుక్రవారం. టెక్సస్‌లోని ఇంట్లో బంధుమిత్రులంతా చుట్టూ ఉండగా శాండర్స్ ఫోన్ మోగింది. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జనరల్ మేనేజర్‌ని మాట్లాడుతున్నానని అవతలి గొంతు చెప్పింది. తర్వాతి పిక్‌లో నిన్నే తీసుకోబోతున్నామంది. ఆ వెంటనే, ఇంకాస్త ఆగాల్సి ఉంటుందని చెప్పి పెట్టేసింది. అదంతా ఆకతాయి పని. జట్లకు మాత్రమే తెలియాల్సిన ఆ నంబర్‌ని అట్లాంటా ఫాల్కన్స్ డిఫెన్స్ కోచ్ కొడుకు తండ్రి ఐప్యాడ్‌లో చూసి రాసుకున్నాడని తర్వాత తేలింది. లీగ్ ఆ జట్టుకు 2.5 లక్షల డాలర్లు, కోచ్‌కు లక్ష డాలర్లు జరిమానా వేసింది. కానీ ఆ రాత్రి గడిచేసరికి మూడు రౌండ్లు పూర్తయ్యాయి, నిజమైన ఫోన్ రాలేదు. మర్నాడు శనివారం ఐదో రౌండ్‌లో, 144వ పిక్‌గా క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ అతన్ని తీసుకుంది. అప్పటికే ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. అందులో ఒకడిని తీసుకున్నది కూడా బ్రౌన్సే.

టీవీ స్టూడియోల్లో గగ్గోలు పుట్టింది. దశాబ్దాలుగా డ్రాఫ్ట్ అంచనాలు చెబుతున్న ఈఎస్‌పీఎన్ విశ్లేషకుడు మెల్ కైపర్ తన జాబితాలో శాండర్స్‌ను క్వార్టర్‌బ్యాక్‌లలో మొదటివాడిగా, మొత్తం ఆటగాళ్లలో ఐదోవాడిగా పెట్టుకున్నాడు. ఆయన ప్రత్యక్ష ప్రసారంలోనే జట్ల మీద మండిపడ్డాడు. దేశాధ్యక్షుడు ట్రంప్ సైతం జట్ల యజమానులను తప్పుబడుతూ పోస్టు పెట్టాడు. ఒక క్రీడాకారుడు ఏ రౌండ్‌లో పోయాడన్నది అధ్యక్షుడి దాకా వెళ్లడం అమెరికాలోనూ రోజూ జరిగేది కాదు.

వేలం కాదు, వరస

ఐపీఎల్ వేలం చూసి పెరిగిన కంటికి డ్రాఫ్ట్ కాస్త వింతగా ఉంటుంది. వేలంలో ధర పెరగాలంటే ఇద్దరు పోటీ పడాలి. 2024 నవంబర్‌లో జెడ్డాలో రిషభ్ పంత్ 27 కోట్లకు పోవడం, అదే వేలంలో డేవిడ్ వార్నర్‌ను ఎవరూ కొనకపోవడం, రెండూ చేతులెత్తిన వాళ్ల సంఖ్యను బట్టే జరిగాయి. డ్రాఫ్ట్‌లో చేతులెత్తడం లేదు. 32 జట్లు, ఏడు రౌండ్లు. ముందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం, ఛాంపియన్‌కు చివరిది. తమ వంతు వచ్చినప్పుడు జట్టు ఒకరి పేరు చెబుతుంది, అంతే. ఆటగాడికి ఎంపిక లేదు. వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు. 2025లో మొత్తం 257 పిక్‌లు.

జీతం కూడా బేరమాడేది కాదు, పిక్ నంబరే దాదాపుగా తేల్చేస్తుంది. ఇది 2011 నుంచి వచ్చిన పద్ధతి. అంతకు ముందు ఏడాది మొదటి పిక్‌గా వెళ్లిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. కొత్త వేతన పట్టిక వచ్చిన 2011లో అదే మొదటి పిక్ అయిన కామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు. 2025లో మొదటి పిక్ కామ్ వార్డ్ ఒప్పందం దాదాపు 4.9 కోట్ల డాలర్లు. 25వ పిక్ జాక్సన్ డార్ట్‌ది 1.7 కోట్లు. 144వ పిక్ శాండర్స్‌ది 46 లక్షలు. ముగ్గురివీ నాలుగేళ్ల ఒప్పందాలే.

పిక్ నంబరే ధర చీటీ అన్నమాట. ఫలానావాడు ఫస్ట్ రౌండ్ ఆటగాడేనా అన్న చర్చ అతని ప్రతిభ గురించినట్టు వినిపిస్తుంది గానీ, అడుగుతున్నది ఈ ధరకు కొనవచ్చా అనే.

ఇంకో తేడా కూడా ఉంది. వేలంలో ఇష్టపడ్డవాడు ఇష్టాన్ని దాచలేడు, చెయ్యెత్తాల్సిందే. డ్రాఫ్ట్‌లో ఒక జట్టుకు కుర్రాడు నచ్చినా, మిగతావాళ్లకు పెద్దగా నచ్చలేదని అనుమానం వస్తే ఆగుతుంది. తర్వాతి రౌండ్‌లో చవగ్గా దొరుకుతాడు కదా! ఒక్కో జట్టు వదిలేసిన కొద్దీ, వాళ్లకేదో తెలిసి ఉంటుందన్న సందేహం మిగతావాళ్లలో పెరుగుతుంది. జారుడు తనంతట తానే వేగం పుంజుకుంటుంది. చివరికి అతన్ని తీసుకున్న బ్రౌన్స్ కూడా అంతకు ముందు తన ఆరు పిక్‌లలో అతన్ని దాటేసింది. ఏడోసారికి మాత్రం తన 166, 192 నంబర్లను సియాటిల్‌కు ఇచ్చి మరీ 144కు పైకొచ్చింది.

కుర్చీలాట

క్వార్టర్‌బ్యాక్‌ది మిగతా స్థానాలలాంటిది కాదు. జట్టుకు ఒకేసారి పాస్‌లు పట్టే రిసీవర్లు ముగ్గురు నలుగురు ఆడతారు, క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌లో ఐదుగురు నిలబడతారు. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే. అతను గాయపడితేనో, ఆట బాగోక పక్కన పెడితేనో తప్ప రెండోవాడు మైదానంలోకి రావడం అరుదు. కాబట్టి లీగ్ మొత్తంలో 32 కుర్చీలే. ఏటా వాటిలో నిజంగా ఖాళీ అయ్యేవి నాలుగో ఐదో.

2025లో ఆ ఖాళీలు డ్రాఫ్ట్‌కు ముందే చకచకా నిండాయి. లాస్ వేగస్ రైడర్స్ మార్చిలో జీనో స్మిత్‌ను తెచ్చుకుంది. జెట్స్ జస్టిన్ ఫీల్డ్స్‌తో ఒప్పందం చేసుకుంది. న్యూయార్క్ జెయింట్స్ రసెల్ విల్సన్, జేమిస్ విన్‌స్టన్ ఇద్దరినీ తీసుకుంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆరన్ రాడ్జర్స్ మాట కోసం కాచుకుని కూర్చుంది. టెనెసీ టైటన్స్ మొదటి పిక్‌తో వార్డ్‌ను తీసుకోగానే మిగిలినవి బ్రౌన్స్, సెయింట్స్, భవిష్యత్తు కోసం ఒకడిని పెంచుకోవాలనుకున్న జెయింట్స్. జెయింట్స్ పైకి ఎగబాకి డార్ట్‌ను పట్టుకుంది. సెయింట్స్ 40వ పిక్‌తో టైలర్ షక్‌ను ఎంచుకుంది. పాట ఆగిపోయింది.

ఏడాది ముందు, 2024లో అయితే మొదటి 12 పిక్‌లలోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. శాండర్స్ ఆ ఏడాది వచ్చి ఉంటే వాళ్లలో ఉండేవాడా అన్నది చెప్పలేం. కానీ ఖాళీ కుర్చీలు ఎక్కువున్న ఏడు, తక్కువున్న ఏడు ఒకే కుర్రాడికి వేరు వేరు ధర పలుకుతుందన్నది మాత్రం ఖాయం. 2022 చూడండి. ఆ ఏడు మొదటి రౌండ్‌లో పోయిన క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ ఒక్కడే. ముందే పోతాడనుకున్న మలిక్ విల్లిస్ 86 దాకా జారాడు. ఒకప్పుడు మొదటి రౌండ్ పేరుగా వినిపించిన శామ్ హావెల్ ఐదో రౌండ్‌లో పోయాడు. అతని నంబరూ 144 కావడం ఉత్త యాదృచ్ఛికమే అయినా, డ్రాఫ్ట్ పిచ్చి ఉన్నవాళ్లకు అలాంటివి గుర్తుండిపోతాయి.

74 శాతం, 94 శాక్‌లు

ఇక అసలు ఆట. 2024 సీజన్‌లో శాండర్స్ 4,134 గజాలు విసిరాడు. 37 టచ్‌డౌన్లు (ప్రత్యర్థి గీత దాటి స్కోరు తెచ్చిన పాస్‌లు), 10 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కినవి). వేసిన పాస్‌లలో 74 శాతం చేరాల్సిన చేతికి చేరాయి. ఆ ఏడు దేశంలో అంతకంటే కచ్చితమైనవాడు లేడు. 2022లో ఒక్క గెలుపు, 11 ఓటములతో కుప్పకూలిన కొలరాడో జట్టు రెండేళ్లలో 9 గెలుపులు, 4 ఓటములకు వచ్చింది. ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే 144 అన్యాయంగానే కనిపిస్తుంది.

2024 సెప్టెంబర్ 21న బేలర్‌తో ఆట అతని అభిమానులు పదే పదే చూపించేది. ఏడు పాయింట్ల వెనకబాటు, గడియారంలో రెండు సెకన్లు. బంతి చేరాల్సిన ఎండ్‌జోన్ 43 గజాల అవతల. శాండర్స్ బంతి అందుకుని వెనక్కి జరిగి ఎత్తుగా విసిరాడు. బంతి లజాంటే వెస్టర్ చేతుల్లో పడింది. స్కోరు సమం. ఎక్స్‌ట్రా టైమ్‌లో కొలరాడో 38-31తో గెలిచింది. ఒత్తిడిలో బెదరడు అన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

జట్ల తరఫున కుర్రాళ్లను పరిశీలించే స్కౌట్లు పదే పదే చూసింది ఇంకో రకం దృశ్యం. బంతి చేతికి రాగానే క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అతని ముందు ఐదుగురు లైన్‌మెన్ గుండ్రంగా ఒక గూడులా నిలబడతారు. ఆ గూటిలో ముందుకో పక్కకో ఒక్క అడుగు వేసి విసరడం పుస్తకాల్లో చెప్పే పద్ధతి. శాండర్స్ ఒత్తిడి రాగానే వెనక్కి, ఇంకా వెనక్కి పరిగెత్తుతాడు. గూడు దాటి వెనక్కి వెళ్లినకొద్దీ అంచుల నుంచి చుట్టి వచ్చే డిఫెండర్‌కు దారి సులువవుతుంది. దొరికిపోయినప్పుడు పోయేవి ఐదు గజాలు కాదు, పది, పన్నెండు. బంతి విసరకముందే ఇలా దొరికి పడిపోవడాన్ని శాక్ అంటారు. 2023లో అతను 52 సార్లు, 2024లో 42 సార్లు శాక్ అయ్యాడు. రెండేళ్లలో 94.

కొలరాడో లైన్ బలహీనం, అతని తప్పేముంది అని ఒక వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే జట్ల లెక్కల విభాగాలు ఈమధ్య శాక్‌ను లైన్ ఖాతాలో కన్నా క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే ఎక్కువగా రాస్తున్నాయి. జట్టు మారినా, లైన్ మారినా బంతిని ఎక్కువసేపు పట్టుకునేవాడు పట్టుకుంటూనే ఉంటాడు, ఆ అలవాటు మనిషితో పాటే వస్తుంది అన్నది వాళ్ల నమ్మకం. కాలేజీలో తప్పించుకోగలిగిన డిఫెండర్లు ఎన్ఎఫ్ఎల్‌లో తప్పించుకోనివ్వరు.

దీనికి తోడు శరీరం. ఆరడుగుల ఒకటిన్నర అంగుళం ఎత్తు, సుమారు 212 పౌండ్ల బరువు. తీసిపారేసేది కాదు, కళ్లు చెదిరేదీ కాదు. చేతి బలం మధ్యస్థం. పరుగు ఆయుధం కాదు. 92వ పిక్‌గా పోయిన అలబామా కుర్రాడు జేలన్ మిల్రో 2024లో 16 టచ్‌డౌన్ పాస్‌లు వేసి 11 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. పాస్‌ల లెక్కన శాండర్స్ పక్కన నిలవడు. కానీ అతని కాళ్లలో ఉన్న వేగాన్ని కోచ్ నేర్పలేడు, విసరడం నేర్పగలనని మాత్రం ప్రతి కోచ్ అనుకుంటాడు. కాలేజీలో చేసి చూపించినదాని కన్నా రేపు చేయగలిగేదానికే జట్లు ఎక్కువ డబ్బు పెడతాయి. ఇందులో జట్లు బోల్తా పడ్డ సందర్భాలూ తక్కువేం కాదు. 2007లో మొదటి పిక్ జమార్కస్ రసెల్‌ది అబ్బురపరిచే చెయ్యి. మూడు సీజన్లకే అతని కెరీర్ అయిపోయింది.

తండ్రి పేరు, ఇంటర్వ్యూ గది

షెడూర్ తండ్రి డియాన్ శాండర్స్ మామూలు తండ్రి కాదు. 1989లో ఐదో పిక్, తర్వాత దిగ్గజ ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం. హైస్కూల్ నుంచి కొడుకుకు శిక్షణ ఇచ్చిన కోచ్‌లలో ఆయన ఉన్నాడు. జాక్సన్ స్టేట్‌లోనూ కొలరాడోలోనూ కొడుకు ఆడింది తండ్రి హెడ్ కోచ్‌గా ఉన్న జట్టులోనే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నాడన్న విమర్శ అక్కడి నుంచే వచ్చింది. అంకెలు చూస్తే అది అన్యాయం. కాయల్లో రుచి లేకపోతే 74 శాతం రాదు.

కానీ జట్లకు అక్కడ ఒక నిజమైన ఇబ్బంది ఉంది. తండ్రి కాని కోచ్ కింద, తనకోసం కట్టని జట్టులో, రెండో స్థానంలో కూర్చోబెడితే ఈ కుర్రాడు ఎలా ఉంటాడన్నదానికి చూసుకోవడానికి ఒక్క సీజన్ కూడా లేదు. వార్డ్ కథ దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. పెద్ద కాలేజీలేవీ పిలవక ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీలో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, మయామీ. మూడు చోట్ల ముగ్గురు కోచ్‌ల దగ్గర ఆడి చూపించాడు.

ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో డ్రాఫ్ట్ కుర్రాళ్లను జట్లు పరీక్షించే కంబైన్‌లో శాండర్స్ బంతి విసరలేదు. ఏప్రిల్‌లో కొలరాడోలోనే జట్ల ముందు విసిరాడు. పైవరసలో ఉన్నవాళ్లు అలా చేయడం మామూలే. జట్లతో ముఖాముఖిలు మాత్రం సవ్యంగా సాగలేదని పేరు చెప్పని కోచ్‌ల మాటలుగా అమెరికన్ మీడియాలో ఘాటైన కథనాలు వచ్చాయి. వాటిని ఎంతవరకు నమ్మాలి? డ్రాఫ్ట్‌కు ముందు బయటికి పొక్కే మాటలకు సొంత ప్రయోజనం ఉంటుంది. ఇష్టమైన కుర్రాడి ధర తగ్గించడానికి చెడ్డ మాట పాకించే జట్టు ఉంటుంది, ఇష్టం లేనివాడిని ఇతరులకు అంటగట్టడానికి మెచ్చుకునే జట్టూ ఉంటుంది. పేరు లేని మాటలను సగానికి సగం తగ్గించి వినడమే మంచిది. అయినా 32 జట్లూ కలిసి కుట్ర పన్నాయన్న వాదన నిలబడదు. ఒకరికొకరు బద్ధ శత్రువులు, పైగా ఆడేవాడు చవగ్గా దొరికితే ఎవరూ వదులుకోరు.

ఎవరు ఎవరిని తీసుకుంటారో ముందే ఊహించి రాసే మాక్ డ్రాఫ్ట్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా టీవీల్లో, సైట్లలో వందల మాక్ డ్రాఫ్ట్‌లు వస్తాయి. జట్ల జాబితాలు తలుపుల వెనకే ఉంటాయి కాబట్టి విశ్లేషకులు ఒకరి అంచనా ఒకరు చూసి రాసుకుంటారు. నాలుగు నెలల్లో ఊహ గట్టిపడి వాస్తవంలా కనబడుతుంది. శాండర్స్ విలువ నిజంగా ఆ రెండు రోజుల్లో పడిందా, లేక ముందు నుంచీ అంతగా లేదా అన్న ప్రశ్నకు రెండో జవాబే ఎక్కువ పొసగుతుంది. జారింది అతని పేరు మీద జనం వేసిన అంచనా.

మొదటి రౌండ్ దాటాక ఏమవుతుంది?

మొదటి రౌండ్ క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు యజమాని నుంచి కోచ్ దాకా అందరి ఉద్యోగాలూ అతనితో ముడిపడినట్టే. అతనికి ఓపిక దొరుకుతుంది, సాధనలో ముందు వరస దొరుకుతుంది, తప్పులు చేసే హక్కు దొరుకుతుంది. ఐదో ఏడాది కూడా అతన్ని అట్టిపెట్టుకునే వీలు జట్టుకు ఒప్పందంలోనే ఉంటుంది. మొదటి రౌండ్ తప్పిందా, అతను పనికొస్తే వాడుకునే బ్యాకప్. బ్యాకప్ నుంచి జట్లు కోరుకునేది నిశ్శబ్దం. మీటింగ్‌లో కూర్చుని, మొదటివాడికి సాయపడి, పిలిచినప్పుడు మాత్రమే లేవడం. వెంట కెమెరాలను తెచ్చే బ్యాకప్, ప్రతి ఓటమి తర్వాత ఇతన్నెందుకు ఆడించలేదని ప్రశ్న లేపే బ్యాకప్ చాలా కోచ్‌లకు టెన్షన్. స్టార్టర్‌గా అయితే సర్దుకుపోయే హడావిడి, రెండోవాడిగా భరించలేనిదవుతుంది. 25 దగ్గర అక్కర్లేదనుకున్నవాడు 60 దగ్గరా, 90 దగ్గరా కూడా అక్కర్లేకపోవడానికి కారణం ఇదే.

బ్రౌన్స్ అతన్ని తీసుకోవడానికీ కారణం ధరే. 2022లో డెషాన్ వాట్సన్ కోసం ఆ జట్టు మూడు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చి, 23 కోట్ల డాలర్లకు పూర్తి హామీ రాసిచ్చింది. ఆ బేరం ఆ జట్టును ఏళ్ల తరబడి కుంగదీసింది. 94వ పిక్‌తో డిలన్ గేబ్రియల్‌ను తెచ్చుకున్నాక, 144 దగ్గర శాండర్స్ అంటే లాటరీ టికెట్ ధరకు ఇంకో ప్రయత్నం. తగలకపోతే పోయేది పెద్దగా లేదు.

కింద పోయినవాళ్లు పైకొచ్చిన కథలు అందరికీ తెలిసినవే. టామ్ బ్రేడీ 2000లో 199వ పిక్. బ్రాక్ పర్డీ 2022లో ఆఖరిదైన 262వ పిక్. డాక్ ప్రెస్కాట్ 2016లో 135వ పిక్‌గా డాలస్ కౌబాయ్స్‌కు వెళ్లాడు. ఆ జట్టు కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లల గదుల్లో ఇప్పుడు అతని నంబర్ 4 జెర్సీలు కనిపించడంలో వింత లేదు. అయితే ఈ ముగ్గురి కథల్లోనూ ఒక మెలిక ఉంది. పై వాళ్లకు గాయాలైతేనే వీళ్లకు తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తెరుచుకోనివాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. వాళ్లే ఎక్కువ.

మైదానంలో తేలిందెంత

శాండర్స్‌కూ తలుపు అలాగే తెరుచుకుంది. 2025 సీజన్ జో ఫ్లాకోతో మొదలైంది, తర్వాత గేబ్రియల్ వచ్చాడు. నవంబర్ 16న బాల్టిమోర్ మీద ఆటలో గేబ్రియల్ తలకు దెబ్బ తగలడంతో శాండర్స్ దిగాడు. మొదటి వరసతో సాధన దాదాపు లేదు. 16 పాస్‌లలో నాలుగే చేరాయి. మరుసటి వారం రైడర్స్ మీద తొలిసారి స్టార్టర్‌గా ఆడి 209 గజాలు విసిరాడు, జట్టు 24-10తో గెలిచింది. స్టార్టర్‌గా ఆడిన ఏడు ఆటల్లో మూడు గెలుపులు, నాలుగు ఓటములు. సీజన్ మొత్తం మీద టచ్‌డౌన్ పాస్‌లు ఏడు, ఇంటర్‌సెప్షన్లు పది. 144వ పిక్‌కు ఇది ఆశించినదానికన్నా ఎక్కువే. రెండో పిక్‌గా వెళ్లి ఉంటే ఇవే అంకెలను చూపించి వైఫల్యం అని రాసేవాళ్లు.

డిసెంబర్ 7న క్లీవ్‌ల్యాండ్‌లో మొదటి పిక్, 144వ పిక్ ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పటికి టైటన్స్ గెలిచింది ఒక్క ఆటే. శాండర్స్ 364 గజాలు విసిరాడు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ఇంకొకటి స్వయంగా పరిగెత్తి సాధించాడు. వార్డ్ గజాలు అందులో సగం కూడా లేవు. ఆఖరి నిమిషాల్లో శాండర్స్ పాస్‌తో స్కోరు 31-29కి వచ్చింది. సమం చేయడానికి టచ్‌డౌన్ తర్వాత దొరికే రెండు పాయింట్ల ప్రయత్నం ఒక్కటే మిగిలింది. కోచ్ ఆ ఒక్క ఆటకు శాండర్స్‌ను బయటికి పిలిచాడు. బంతిని నేరుగా, దాన్ని పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ క్విన్షాన్ జడ్కిన్స్‌కు ఇచ్చారు. అది తడబడి ఆగిపోయింది. ఆ రోజు జట్టు చేసిన నాలుగు టచ్‌డౌన్‌లలోనూ చెయ్యి ఉన్న క్వార్టర్‌బ్యాక్ దాన్ని గీత అవతల నిలబడి చూశాడు.